హనుమంతుడి లాంప్‌షేడ్

హిందూపురంలో మా హాల్లో తోలు లాంప్‌షేడ్ ఒకటుంది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో కొని, పెనుకొండ మీదుగా రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. దాని మీద హనుమంతుడు. మేకతోలుకి ఉలితో చిల్లులు పొడిచి రంగులద్దారు. తోలుబొమ్మకీ పని ఇదే, చేతులూ అవే. కాకపోతే తెర మీద ఆ హనుమంతుడు ఎగిరేవాడు, వాదించేవాడు, తెల్లారేదాకా ఊరిని పడుకోనిచ్చేవాడు కాదు. ఇక్కడ స్విచ్ వేస్తే వెలుగుతాడు, అంతే.

కళ దిగజారిందనడం నాకు తేలికే, కడుపు నిండినవాణ్ని కదా. దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ఇచ్చింది బొమ్మలాటకి. ఊళ్లో పొయ్యి వెలిగిస్తున్నవి మాత్రం చాలావరకు ఈ లాంపులే. ఆర్టిస్టంటే ఎక్కువ, డిజైనరంటే తక్కువ అని తూకం వేసేది ఎవరు? ఆటకి పిలవడం మానేసిన మనమే. నేనైతే ఒక్క ఆటా పూర్తిగా చూడలేదు. లాంపు దగ్గర మాత్రం బేరమాడాను.