తెగిన పడుగు

ఒక చేనేత ఊళ్ళో పద్నాలుగేళ్ళ కుర్రాడు రాత్రిపూట పక్కింటి గోడ దూకి, మగ్గం మీదున్న పడుగును బ్లేడుతో అడ్డంగా కోసేశాడు. తెల్లారి చూసుకుని ఆ ఇంటి అవ్వ గుండెలు బాదుకుంది. మధ్యాహ్నానికల్లా వాడు దొరికిపోయాడు.

రచ్చబండ దగ్గర తలో మాటా అన్నారు. చెట్టుకు కట్టేసి నాలుగు తగిలిద్దామని కొందరు, పోలీసులకు అప్పగిద్దామని ఇంకొందరు. వాళ్ళ నాన్న జేబులో చెయ్యి పెట్టి, “జుర్మానా ఎంతో చెప్పండి, కట్టేస్తా” అన్నాడు.

“డబ్బు నువ్విస్తావు. దెబ్బలు వాడి వీపు మర్చిపోతుంది. కోసిన చెయ్యే అతకాలి” అంది అవ్వ.

బడి వదలగానే వాడు మగ్గం దగ్గరికి రావాలి. వేళ్ళకు బూడిద అద్దుకుని, తెగిన పోగు కొసలు రెండూ కలిపి మెలిపెట్టాలి. మెలి సరిగా పడకపోతే లాగగానే ఊడొస్తుంది. అలాంటివి వేల పోగులు! మొదటిరోజుకే వాడి బొటనవేలు కందిపోయింది. అవ్వా పక్కన కూర్చుని అతికింది. నిజానికి ఎక్కువ అతికింది ఆవిడే. చేతులు ఆడుతుంటే మాటలు రాక మానవు. ఆ చీర కూలితో మనవరాలి ఫీజు కట్టాలనుకుందనీ, ఇప్పుడు షావుకారు దగ్గర అప్పు చేసిందనీ వాడికి తెలిసింది. మూడోరోజు వాడూ నోరు విప్పాడు.

“నా బంతి పొయ్యిలో పడేశావు కదవ్వా.”

“పడేశాను. కోపమొచ్చింది. అది నా తప్పే.”

షావుకారు వడ్డీ కుర్రాడి నాన్న కట్టాడు. చీరలో అక్కడక్కడా అతుకులు తేలాయి, ఆ మేరకు కూలి తగ్గింది కూడా.

నీతి: దెబ్బలు తిన్నవాడు కొట్టినవాణ్ణే తలుచుకుంటాడు. నష్టపోయిన మనిషి ఎదురుగా కూర్చుంటేనే తాను చేసిందేమిటో వాడికి తెలుస్తుంది. ఇలా అతికించడాన్ని ఊరికే వదిలెయ్యడం అనుకునేవాళ్ళు వాడి బొటనవేలు చూడాలి.

ఇలాంటిది నిజంగానూ జరిగింది. 1974లో కెనడాలోని ఎల్మిరాలో ఇద్దరు కుర్రాళ్ళు తాగిన మైకంలో 22 చోట్ల విధ్వంసం చేశారు. ప్రొబేషన్ అధికారి మార్క్ యాంట్జీ సూచనతో, జడ్జి వాళ్ళను బాధితుల గుమ్మాలకే పంపి నష్టం కట్టించారు. కుటుంబాన్నీ బాధితులనూ ఒకచోట కూర్చోబెట్టే పద్ధతికి న్యూజీలాండ్ 1989లో చట్టమే చేసింది. మన 2015 బాలల న్యాయ చట్టం 18వ సెక్షన్‌లో మందలింపు ఉంది, సమాజ సేవ ఉంది, తల్లిదండ్రులు కట్టే జరిమానా కూడా ఉంది. బాధితుల ఎదుట కూర్చోబెట్టే మాట మాత్రం అందులో లేదు.