పలకల మీద ఒడ్డు చేరినవారు



పౌలు రోమాకు వెళ్లుచుండగా ఓడ పగిలిన సంగతి అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయములో మనమందరము చదివియున్నాము. అంతకు ముందే ఆయన మూడుమారులు ఓడ పగిలి శ్రమపడెననియు, ఒక రాత్రియు ఒక పగలును సముద్రములో గడిపెననియు 2 కొరింథీ. 11:25 వలన తెలియుచున్నది. దేనిని పట్టుకొని తేలెనో వ్రాయబడలేదు. అంతసేపు చేతులు కొట్టుకొనుచు ఈదుట ఎవరి తరము? తేలియుండవలెను, అంతే.

యానాములోను పూరీలోను వేటకు వెళ్లు మన సహోదరులకు ఇది తెలిసిన సంగతే. నీట మునిగి లేచిన బాప్తిస్టులమైనను, మిగిలిన మనలో ఈత రానివారమే యెక్కువ. నీట పడినవాడు భయముతో చేతులు పైకెత్తిన కొలది తల క్రిందికి పోవును. వెల్లకిల పరుండి, చెవులు మునిగినను సరే, తల వెనుకకు వాల్చి మెల్లగా ఊపిరి తీసికొనినచో, లోపలి గాలియే మనిషిని పైకెత్తును. పడవ తిరగబడినను దానిని విడిచి ఒడ్డుకు ఈదబోరాదు. ఒడ్డు ఎప్పుడును దగ్గరగానే కనిపించును!

మనము ప్రార్థన చేసియే పడవ ఎక్కుదుము. లైఫ్ జాకెట్టును మాత్రము తలక్రింద పెట్టుకొందుము. ఇది విశ్వాసమని మేము ఒప్పుకొనము. ఒక్క ప్రాణమైనను పోదని దేవదూత చెప్పిన తరువాత కూడ పౌలు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. చిన్న పడవ దింపి జారుకొనబోయిన నావికులను గూర్చి శతాధిపతిని హెచ్చరించెను. పదునాలుగు దినములు పస్తులున్నవారిచేత భోజనము చేయించెను. ఈదుటకైనను చలికి తాళుటకైనను ఒంటిలో బలముండవలెను గదా.

తుదకు ఓడ బద్దలాయెను. ఖైదీలు ఈది పారిపోవుదురేమోయని సైనికులు వారిని చంపజూచిరి, శతాధిపతి అడ్డుపడెను. ఈత వచ్చినవారు ముందుగా దూకిరి. రానివారు పలకలను, ఓడ చెక్కలను పట్టుకొని వచ్చిరి. ఓడలోని 276 మందియు బ్రదికిరి. వారిలో ఈతగాండ్రెందరో లూకా వేరుగా లెక్క వ్రాయలేదు. మన సంఘములలో ముందుగా ఒడ్డు చేరి, ఇల్లు కట్టుకొనినవారు ఈ మాట రెండవమారు చదువుదురు గాక. నిన్న మొన్న పొట్టచేత పట్టుకొని వచ్చి, అద్దెకు గది దొరకక తిరుగుచున్న కుటుంబములకు ఇంకను పలక అందలేదు.

ఆ ఒడ్డు మెలితే, అనగా నేటి మాల్టా ద్వీపము. వానయు చలియు ఉండెను. అక్కడివారి భాష వేరు. అయినను వారు నిప్పు రాజబెట్టి అందరిని దగ్గరకు పిలిచిరి. పౌలు కూడ కూర్చుండక పుల్లలు ఏరుకొని వచ్చెను.