పాత బండియు ప్రతినిధి న్యాయమును

మహానవమినాడు నల్లగొండ, పాలమూరు సీమలలో ఏ పల్లెకు పోయినను, ఇంటిముందర కడిగి నిలిపిన బండికి పసుపు కుంకుమలు పెట్టి, బంతిపూల దండ వేసి, చక్రముల క్రింద నిమ్మకాయలుంచి, గుమ్మడికాయ కొట్టు దృశ్యము కనబడును. బండి కొత్తదైనచో అందు ఆలోచింపవలసినదేమియు లేదు. అప్పు చేసి కొన్నవాని భయభక్తులు ఎవరికైనను అర్థమగునవే. కాని, ఇరువది యేండ్లుగా బత్తాయిలను, యూరియా బస్తాలను, మేకలను, పెండ్లి సామానులను మోసి, ఇంజను బోరు చేయించుకొని, గేరుపెట్టె మార్చుకొని, కమాను పట్టీలలో కొన్ననాటిది ఒక్కటియు మిగులక, తలుపులు సైతము వేరొక బండినుండి తెచ్చి బిగించుకొన్న పాత పికప్పు ముందు యజమాని చేతులు జోడించినపుడు, ఆ నమస్కారము దేనికి చెందుచున్నదను ప్రశ్న లేవక తప్పదు. కొన్ననాటి బండికందుమా, అది ముక్కముక్కలుగా తుక్కు దుకాణములకు పోయినది. ఇప్పుడున్న సామానుకందుమా, దానిలో సగము వేరొక బండికి పుట్టినది.

ఈ ప్రశ్న మన దేశమున మిక్కిలి ప్రాచీనమైనది. మిళింద ప్రశ్నమను పాళీ గ్రంథమున నాగసేన భిక్షువు యవనరాజైన మిళిందుని అతడెక్కి వచ్చిన రథమును గూర్చియే నిలదీయును: నొగ రథమా, ఇరుసు రథమా, చక్రములు రథమా, అన్నియు కుప్పపోసినచో రథమా యని. రాజు దేనికిని ఔననలేక, రథమనునది అవయవములను ఆశ్రయించి ఏర్పడిన వ్యవహారమాత్రమని ఒప్పుకొనును. మన కృష్ణాతీరపు నాగార్జునకొండకు తన పేరిచ్చినట్లు ప్రసిద్ధుడైన ఆచార్య నాగార్జునుని సంప్రదాయములో, ఏడవ శతాబ్దివాడైన చంద్రకీర్తి ఇదే రథమును ఏడు విధముల వెదకి, ఏ విధమునను చిక్కదని తేల్చినాడు. వైశేషికులు మరియొక త్రోవ పట్టిరి. అవయవములకంటె భిన్నముగా అవయవి నిజముగానే కలదనిరి. అయితే పటమునుండి ఒక్క నూలుపోగు లాగినను పూర్వపటము నశించి వేరొక ఖండపటము పుట్టునని కూడ ఒప్పుకొనవలసి వచ్చినది. ఆ లెక్కన బ్రేకు లైనింగు మార్చిన ప్రతిసారియు మన పికప్పు చచ్చి పుట్టుచున్నదన్నమాట! తర్కమునకు లోటు లేదు గాని, దేవరకొండ రోడ్డుమీద ఈ మాట చెప్పినచో వినువాడుండడు.

ఈ విద్వాంసులందరును రథమును మాటలలో విప్పినవారు. పానా పట్టి విప్పినవాని అనుభవము వేరు. పాత బండ్లకొక సౌలభ్యము కలదు. 2017 ఏప్రిల్ నుండి భారత్ స్టేజ్ 4, 2020 ఏప్రిల్ నుండి భారత్ స్టేజ్ 6 ప్రమాణములు దేశమంతట అమలులోనికి వచ్చిన పిదప, డీజిలు ఇంజనును ఏలు అధికారము చాలవరకు ఎలక్ట్రానిక్ పెట్టె చేతికి పోయినది. దోషము తెలియుటకు స్కానరు తగిలింపవలెను. అంతకు ముందటి టాటా 207 గాని, ఆ కాలపు మహీంద్రా బండ్లు గాని అట్లు కావు. అవి తమ రోగమును చప్పుడుతో, పొగతో, వాసనతో తామే చెప్పును. నీలిపొగ వచ్చిన ఆయిలు కాలుచున్నదనియు, నల్లపొగ వచ్చిన గాలి చాలక డీజిలు ఎక్కువైనదనియు రైతు కనిపెట్టును. దారిలో డీజిలు అయిపోయి నిలిచిన బండి మరల డీజిలు పోసినంతమాత్రమున కదలదు. గొట్టములలో చేరిన గాలిని తీయవలెను. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, ఫీడు పంపును చేతితో కొట్టుచు, బుడగలు పోయి డీజిలు తెగని ధారగా వచ్చువరకు ఓపిక పట్టి, అప్పుడు బిగింపవలెను. బ్రేకులలోని గాలి తీయుటకు ఇద్దరు కావలెను: ఒకరు పెడలు తొక్కి పట్టినపుడు రెండవవాడు చక్రము వెనుక నిపులు వదులు చేయును; ఆ పెడలు మీది కాలు సాధారణముగా ఇల్లాలిదో, బడికి సెలవైన పిల్లవానిదో అయి యుండును. నల్లగొండ బోర్ల ఉప్పునీళ్ళు పోసినచో రేడియేటరు లోపల పెంకు కట్టి ఇంజను వేడెక్కును గనుక, తెలిసినవాడు ఆ నీటిని దానికి చూపనైన చూపడు.

ఇట్లు విప్పిన సామానంతయు గోనెపట్టా మీద పరచి, నట్లు బోల్టులు ఒక డబ్బాలో వేసి, మధ్యాహ్నపు బువ్వకు లేచిన మనిషిని బండి యెక్కడనని అడిగినచో, "అగో, గదే కదా బండి!" అని ఆ గోనెపట్టాను చూపును. నాగసేనునికి రథము కనబడని కుప్పలో ఇతనికి బండి కనబడుచున్నది. ఏలయన, ప్రతి బోల్టును అతని బుద్ధిలో తాను పోవలసిన చోటివైపు తిరిగియే యున్నది. ఇతడు సిద్ధాంతము తెలియక భ్రమించుచున్నాడని నేననుకొనను. విప్పుట రథము లేదని చూపుటకు ఒకరికి సాధనమైనది, రేపు ప్రొద్దున బత్తాయి మార్కెటుకు పోవుటకు ఇంకొకరికి సాధనమైనది. రెండవవాని చేతిలో ఐక్యమనునది దొరకు వస్తువు కాదు, చేయవలసిన పని.

చట్టమునకు మాత్రము ఇంత చింత లేదు. మోటారు వాహనముల చట్టము దృష్టిలో బండి యనగా ఛాసిస్ మీద కొట్టిన సంఖ్య. ఇంజను మార్చినచో రవాణా కార్యాలయమున తెలిపి నమోదు చేయించవచ్చును. రంగు, తలుపులు, సీట్లు పోయినను బండి పోదు. ఇది హాస్యాస్పదమనిపించవచ్చును గాని, మన ఆలయములు సైతము ఇట్టి మార్గమునే అనుసరించినవి. యాదగిరిగుట్ట జీర్ణోద్ధరణ వేళ, 2016లో తాత్కాలికమైన బాలాలయము నిర్మించి అందు పూజలు నడుపుచు, పాత మండపములు తీసివేసి కృష్ణశిలతో సర్వమును నూతనముగా కట్టి, 2022 మార్చి 28న మహాకుంభ సంప్రోక్షణము చేసిరి. గుహలోని స్వయంభువును మాత్రము కదల్పలేదు. కదలనిదొకటి యున్నది గనుక తక్కినదంతయు మారినను గుట్ట గుట్టయే యని భక్తుని విశ్వాసము. పాత గుట్ట పోయెనని నిట్టూర్చువారును కలరు; వారి నిట్టూర్పు నిష్కారణమని నేననను. పాలమూరు సీమలోని కూడవెల్లి సంగమేశ్వరాలయము కథ దీనికి తలక్రిందులు: శ్రీశైలం జలాశయపు ముంపునుండి తప్పించుటకు దానిని రాయిరాయిగా విప్పి అలంపురమున మరల నిలిపిరి. అక్కడ రాళ్ళన్నియు పాతవే, కృష్ణా తుంగభద్రల సంగమస్థానమే వెనుక నిలిచిపోయినది. ద్రవ్యము మారి స్థానము నిలిచిన గుడియు, స్థానము మారి ద్రవ్యము నిలిచిన గుడియు రెండును మనకు పూజ్యములే యైనపుడు, ఐక్యమునకు మూలము ద్రవ్యమునందును స్థానమునందును కాక వేరొకచోట వెదకవలసి యున్నది.

ఆ చోటు మీమాంసకులు చూపినారని నా యభిప్రాయము. జైమిని సూత్రముల ఆరవ యధ్యాయము మూడవ పాదమున ప్రతినిధి విచారము కలదు. విహితమైన వరిధాన్యము దొరకనిచో యజ్ఞము మానవలెనా, వేరు ధాన్యముతో నెరవేర్పవలెనా? నెరవేర్పవలెననియు, అయితే ఆ ప్రతినిధి అసలుదానికి సాధ్యమైనంత సదృశముగా ఉండవలెననియు సిద్ధాంతము. అందుచేత వరికి బదులు నీవారములు, అనగా అడవివడ్లు, పనికివచ్చును. దొరకని కంపెనీ సామానుకు బదులు కొలత కుదిరిన ఇంకొక బండి సామాను వెదకి బిగించు మన మెకానిక్కులు తెలియకయే ఈ న్యాయమును పాటించుచున్నారు. కాని జైమిని అంతటితో ఆగలేదు. దేవతకు, అగ్నికి, మంత్రమునకు, క్రియకు ప్రతినిధి లేదనెను; యజమానికిని లేదనెను. ఋత్విజులను దక్షిణ ఇచ్చి పెట్టుకొనవచ్చును గాని, ఇది నాది కాదని ద్రవ్యమును విడుచు త్యాగము యజమానియే చేయవలెను.

స్వహస్తముతో బండి బాగుచేసికొనుట యొక్క అర్థము నాకిక్కడ స్పష్టమగుచున్నది. అన్ని పనులును నేనే చేయుదుననుట గర్వము; సిలిండరు బోరు చేయుటయు, డీజిలు పంపు సరిచూచుటయు యంత్రములు గలవాడు చేయవలసిన పనులు, అతడు ఋత్విక్కు. కాని ఉదయము బండి క్రిందికి వంగి ఆయిలు చుక్క పడెనా యని చూచుట, గ్రీసు ఎండిన కీలు మూలుగును తక్కిన చప్పుళ్ళలో గుర్తించుట, ఈ వారము బరువు తగ్గించి కమానుకు విశ్రాంతి నిచ్చుట — ఇవి కూలికి దొరకవు. కొన్ననాటి బండియు నేటి బండియు ఒక్కటే యగుట ఈ ఎడతెగని శ్రద్ధ వలననే. అది తెగిననాడు, సామానంతయు కంపెనీదే యైనను, షెడ్డులో నిలిచినది ఇనుము మాత్రమే. పూజనాడు యజమాని మ్రొక్కునది ఇనుమునకు కాదు, తాను సంవత్సరమంతయు ఏ క్రియకు కట్టుబడియున్నాడో దానికి.

కఠోపనిషత్తు శరీరమునే రథముగా చెప్పి, రథికుని తెలిసికొమ్మన్నది గదా, రథమును పట్టుకొని వ్రేలాడుట మోహము కాదా యని వేదాంతి యడుగవచ్చును. అడుగుట న్యాయమే. మోహము ఎక్కడ మొదలగునో కూడ ఆ బండి క్రిందనే తెలియును. స్వంతమునకు వాడు బండి రిజిస్ట్రేషను పదునైదేండ్లకు ముగియును, కిరాయి బండికి ఎనిమిదేండ్లు దాటినచో ఏటేట ఫిట్‌నెస్ పరీక్ష తప్పదు. అయినను ఏడాదికొకనాటి పరీక్షకంటె దినదినము చూచు కన్ను ముందుగా కనిపెట్టును. కమాను బ్రాకెట్టు దగ్గర ఛాసిస్ చీలినపుడు పట్టీ వేసి వెల్డింగు చేయింతురు. అతుకు ప్రక్కనే ఇనుము మరల చీలినచో, ఆ యజమానికంటె ముందుగా గాని, స్పష్టముగా గాని ఆ సంగతి తెలిసినవాడు లోకమున లేడు. పత్తి ఏరుటకు పోవు కూలితల్లులు ఇరువదిమంది వెనుక నిలుచుందురని తెలిసియు, ఇంకొక పట్టీ వేయుమని వెల్డరును బతిమాలువాడు చేయుచున్నది సేవ కాదు, లోభము. ప్రతినిధి న్యాయము అతనికి వర్తింపదు. గేరుపెట్టె, రేడియేటరు, తలుపులు విప్పి అడిగినవారికిచ్చి, సంఖ్య గల ఛాసిస్‌ను తుక్కునకు తూచి, రిజిస్ట్రేషను కార్డును రవాణా కార్యాలయమున అప్పగించుటయే అతడు చేయవలసిన త్యాగము. అదియు ఇంకొకరిచేత చేయింపదగినది కాదు.