కష్టే ఫలి: ఒక ఐరిష్ చిత్రపటము

కష్టే ఫలి యని మన పెద్దలు బోధించిరి. దేవాలయపు తెలుగు తరగతులలో నేను మొదట నేర్చిన సూక్తులలో ఇది యొకటి. కష్టించిన వానికి ఫలము దక్కునని దీని భావము. కాని కష్టమొకరిది, ఫలము వేరొకరిది అయినచో ఈ సూక్తికి అర్థమేమి? ఐర్లండు దేశపు చిత్రపటమొకటి ఈ ప్రశ్ననే మన ముందుంచుచున్నది.

కార్క్ నగరమునకు చెందిన చిత్రకారుడు డేనియల్ మెక్‌డొనాల్డ్ 1847లో దానిని చిత్రించెను. ఒక పేద కుటుంబము తాము దాచుకొన్న బంగాళాదుంపలు కుళ్లిపోయినట్లు కనుగొనిన క్షణమది. నేడా పటము డబ్లిన్ యూనివర్సిటీ కాలేజీ వారి జానపద సంగ్రహములో నున్నది. కరవు నడుచుచుండగా దానిని చూపిన చిత్రములు మిక్కిలి అరుదు.

అట్టి కుటుంబములవారు సోమరులు కారు. భూస్వామి పొలములో పాటుపడి, ధాన్యము పండించి, కౌలు చెల్లించెడివారు. తమ కడుపునకు మాత్రము గట్లు పోసి నాటుకొన్న దుంపలే ఆధారము. 1845లో ఆ దుంపలకు తెగులు సోకెను. ప్రజలు పస్తులుండగనే ధాన్యము ఓడలకెక్కి ఇంగ్లండునకు పోవుచుండెను. 1852 నాటికి సుమారు పది లక్షల మంది మరణించిరి. మరి పది లక్షలకు పైగా జనము దేశమును విడిచిరి.

ఈ పటము 1847లోనే లండన్‌లో ప్రదర్శింపబడెను. ఐరిష్ కౌలు ధనముతో జీవించు భూస్వాములు పలువురు నివసించిన నగరమది. చూచినవారిలో కొందరు జాలిపడి యుందురు. కాని జాలి వేరు, న్యాయము వేరు. చిత్రకారుడు దుఃఖమును చూపగలిగెను. ఆ చేతులకు దక్కవలసినది ఇప్పింపలేకపోయెను.

మన పూర్వుల మాట యేమి? 1834 నుండి మారిషసునకు ఒప్పందపు కూలీలు రాసాగిరి. కోరంగి రేవు పేరిట మనవారిని కోరంగీలనిరి. వారిని ఆదరముతో చిత్రించిన చిత్రకారుడెవ్వడును నాకు తెలియడు. ప్రభుత్వపు కెమెరా మాత్రము ముఖములను పట్టినది. 1867 నాటి చట్టము ప్రకారము పాత కూలీలు తమ ఛాయాచిత్రమున్న పత్రమును వెంట నుంచుకొనవలసి వచ్చెను. మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో ఆ పటములు నేటికిని భద్రముగా నున్నవి. పేరు, తండ్రి పేరు, ఊరు, సంఖ్య అన్నియు దస్త్రములలో కలవు. చెరకు నరికి కాయలు కాచిన చేతుల కథ మాత్రము అందు లేదు. అది వ్రాయవలసినవారము మనమే.

అయినను పూర్వులను కొనియాడుటతో మన ఋణము తీరదు. నేడు మన ద్వీపములో బంగ్లాదేశము మొదలగు దేశముల నుండి వచ్చినవారు కర్మాగారములలోను, కట్టడపు పనులలోను శ్రమించుచున్నారు. వారిలో ఒక్కరి పేరైనను మనకు తెలియునా? ఉపాధ్యాయుడనైన నాకే మొన్నటివరకు తెలియదు.

కష్టే ఫలి యనునది లోకము నడచు తీరును చెప్పు వాక్యము కాదు. కష్టించినవానికి ఫలము చేరునట్లు చూడుమని మనకిచ్చిన ఆజ్ఞ. ఈ యుగాదికి పిల్లలకు ఆ సూక్తిని నేర్పునపుడు ఈ అర్థమును కూడ నేర్పుదము.