టీ మానక్కర్లేదు తల్లీ

అమ్మలూ,

మొన్న నువ్వొచ్చినప్పుడు నీ సంచిలో గ్రీన్ టీ మాత్రల సీసా చూశాను. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని, లావయ్యానని బెంగపడి కొనుక్కున్నావని తెలుసు. కోప్పడటం లేదు, పెద్దమ్మ మాట కాస్త విను.

టీ గురించి చెప్పుకునేదంతా వట్టిదేం కాదు. 2017లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు ఎలుకలకు కొవ్వు, చక్కెర దండిగా ఉన్న తిండి పెట్టారు. కొన్నిటికి అందులో కెఫీన్ తీసేసిన గ్రీన్ టీ సారం, కొన్నిటికి బ్లాక్ టీ సారం కలిపారు. నాలుగు వారాలకు ఆ రెండు జట్లూ, తక్కువ కొవ్వు తిండి పెట్టిన వేరే ఎలుకల బరువుకే వచ్చేశాయి. నాకు ముచ్చటేసింది మన బ్లాక్ టీ సంగతే. ఆకు నల్లబడేటప్పుడు దానిలోని పాలీఫినాల్స్ అనే పదార్థాలు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవైపోతాయట. చిన్నపేగు వాటిని పీల్చుకోలేదు. అలాగే పెద్దపేగుకు చేరితే అక్కడ కాపురముండే బ్యాక్టీరియా అందుకుంటుంది. ఊబకాయంతో ముడిపడ్డ రకాలు తగ్గి, సన్నగా ఉండేవాళ్లలో ఎక్కువగా కనిపించేవి పెరిగాయి. ఆ సూక్ష్మజీవులు తయారుచేసే కొవ్వు ఆమ్లాలు కాలేయానికి వెళ్లి, అది శక్తిని వాడుకునే తీరును మారుస్తాయని వాళ్ల అంచనా.

కానీ అవి ఎలుకలమ్మా. నువ్వు తాగేది పాలు పోసి మరిగించి, రెండు చెంచాల పంచదార వేసిన టీ. చెంచాకు దగ్గర దగ్గర 20 కేలరీలు. రోజుకు నాలుగు కప్పులంటే పంచదారకే 160. ముందు ఆ పంచదార డబ్బా దగ్గర చెయ్యి ఆపు. ఒక్కసారిగా మానేస్తే మళ్లీ మొదలెడతావు. ఒకటిన్నర, ఒకటి, అర, ఇలా తగ్గించు. పేగుల్లోని ఆ మంచి జీవాలకు పీచు కావాలి, తోటకూర, గోరుచిక్కుడు, జొన్నరొట్టె వదలకు.

మాత్రలు మాత్రం వద్దు. ఈజీసీజీ అనే గ్రీన్ టీ పదార్థాన్ని రోజుకు 800 మిల్లీగ్రాములు, ఆపైన మాత్రల్లో వేసుకుంటే కాలేయానికి చేటు జరగొచ్చని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లోనే హెచ్చరించింది. కాచుకుని తాగే టీతో మామూలుగా ఆ భయం లేదు.

ఇంకొక్కటి. అన్నం తిన్న చేత్తోనే టీ కప్పు పట్టుకుంటావు. తిండిలోని ఇనుమును టీ ఒంటికి సరిగా పట్టనివ్వదు, గంటైనా ఆగు. అసలు ఆయాసమంతా లావు వల్లేనని ఎందుకనుకుంటున్నావు? ఇనుము చాలక రక్తం తక్కువైనా వస్తుంది. ఈ వారమే డాక్టరు దగ్గరికెళ్లి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకుని నాకు ఫోన్ చెయ్యి.