ఓ కన్నేసి ఉంచు

మన ఇళ్ళల్లో రోజుకి ఎన్నిసార్లు వినబడుతుందో లెక్కపెట్టలేని మాట ఒకటుంది: "ఓ కన్నేసి ఉంచు." పొయ్యిమీది పాలమీద, డాబామీద ఎండబోసిన వడియాలమీద, వాకిట్లో ఆడుకునే పిల్లలమీద, మంచంలో ఉన్న మామగారిమీద. ఈ మాట మగవాళ్ళతో అనరని కాదు. వాళ్ళతో అన్నప్పుడు "నేను స్నానం చేసి వచ్చేదాకా" అని ఒక గడువు ఉంటుంది. ఆడవాళ్ళతో అన్నప్పుడు గడువుండదు. పైగా అడుగుతున్నది ఒక్క కన్నే కాబట్టి రెండోది మన సొంతానికి మిగులుతుందన్న భ్రమ కూడా ఆ మాటలోనే ఉంది. ఆ మిగిలిన కంటితోనే నేను పిహెచ్‌డి చేశాను.

2017 ఏప్రిల్‌లో కొన్ని వారాలపాటు నా రెండు కళ్ళూ ఎవరికీ పనికిరాకుండా పోయాయి. గుంటూరులో నేను కూర్చున్న ఆటో గుంతలో పడి ఎగిరినప్పుడు పైనున్న ఇనప కమ్మీకి తల గట్టిగా కొట్టుకుంది. రక్తం రాలేదు. సీటీ స్కాన్‌లో ఏమీ లేదు. దీన్ని కంకషన్ అంటారనీ, నెమ్మదిగా తగ్గుతుందనీ, వెలుతురుకీ చప్పుడుకీ దూరంగా ఉండమనీ డాక్టరు చెప్పి పంపేశారు. స్కాన్ బాగుందన్న మాట మాత్రమే ఇంట్లో అందరికీ వినబడింది. కంకషన్‌లో మామూలుగా స్కాన్ బాగానే ఉంటుంది. పుర్రెలోపల మెదడు ఒక్కసారి అదిరి, కొంతకాలం దాని పనితీరు గాడి తప్పుతుంది. రక్తస్రావమో ఎముక విరగడమో ఉంటే స్కాన్ పట్టుకుంటుంది గానీ గాడి తప్పడాన్ని పట్టుకోలేదు.

తలనొప్పిని చెప్పడానికి ఇంగ్లీషులో మాటలు లేవని వర్జీనియా వుల్ఫ్ 1926లో అనారోగ్యం మీద రాసిన వ్యాసంలో వాపోయింది. ఆ ఇబ్బంది మనకి లేదు. తలపోటు, తలబరువు, తలదిమ్ము, పార్శ్వపునొప్పి, కణతలు అదరడం, కళ్ళు బైర్లు కమ్మడం. మా అమ్మమ్మ దగ్గర ఇంకా ఉండేవి. అయినా నాకు కావలసిన మాట వాటిల్లో దొరకలేదు. ఎందుకంటే నా అసలు బాధ నొప్పి కాదు. ఒకేసారి రెండు సంగతులు మనసులో పట్టలేకపోవడం. కూర మాడే వాసన తెలిస్తే పాప అడిగే ప్రశ్న చెవిన పడేది కాదు. ప్రశ్న వింటే వాసన పోయేది. దెబ్బ తగిలేవరకూ ఈ రెండూ కలిపి చేయడం ఒక పని అని కూడా నాకు తోచలేదు. ఊపిరి లాంటిదనుకున్నాను.

ఆ రోజు కాజువాలిటీలో నా పక్క మంచంమీద తలకి కట్టుతో ఒకామె ఉంది. ఎలా తగిలిందని నర్సు అడిగితే "గోడ తగిలిందమ్మా" అంది. మన ఊళ్ళల్లో గోడలు లేచొచ్చి ఆడవాళ్ళ తలలకి తగులుతుంటాయి. అమెరికాలో ఈవ్ వలేరా, హోవర్డ్ బెరెన్‌బామ్ 2003లో ప్రచురించిన అధ్యయనంలో, భర్తల చేతుల్లోనో సహచరుల చేతుల్లోనో దెబ్బలు తిన్న 99 మంది స్త్రీలని విచారిస్తే, దాదాపు నాలుగింట మూడువంతుల మందికి కనీసం ఒక్కసారైనా మెదడుకి దెబ్బ తగిలిందని తేలింది. మతిమరుపు, చిరాకు, పనిమీద ధ్యాస నిలవకపోవడం దాని లక్షణాలు. మన దగ్గర అలాంటామెకి పెట్టే పేర్లు "మతిలేనిది", "మొద్దు". ఆటగాళ్ళ తలల కోసమైతే అంతర్జాతీయ నిపుణులు కొన్నేళ్ళకోసారి సమావేశమై మార్గదర్శకాలు రాస్తారు. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో చర్చించి 2023లో ప్రచురించినవాటి ప్రకారం, చీకటిగదిలో రోజుల తరబడి పడుకోబెట్టడం మంచిది కాదు. ఒకటి రెండు రోజులు పని తగ్గించుకుని, ఆపైన మెల్లమెల్లగా కదలాలి. మళ్ళీ చదువులోకి ఎలా వెళ్ళాలో, మళ్ళీ ఆటలోకి ఎలా వెళ్ళాలో మెట్టుమెట్టుగా రాశారు. మళ్ళీ వంటింట్లోకి, మళ్ళీ పిల్లల కాపలాలోకి వెళ్ళడానికి మాత్రం మెట్లు ఎవరూ కట్టలేదు. ఆ గదుల్లోంచి మనం బయటికి వచ్చిందెప్పుడని!

పిల్లల్ని మే నెలలో హాయ్‌లాండ్ తీసుకెళ్తామని ఉగాదినాడే మాటిచ్చాం. అది మిర్చి ధర కుప్పకూలిన వేసవి. అంతకుముందు క్వింటాలు పదివేలు దాటి పలికిన సరుకు మూడు నాలుగు వేలకి దిగింది. క్వింటాలుకి 1,500 రూపాయలు అదనంగా ఇస్తామని ప్రభుత్వం ప్రకటించాల్సి వచ్చింది. అన్నయ్య టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో ఉండిపోయాయి. పిల్లలకిచ్చిన మాటల్లో ఆ ఏడు నిలబెట్టుకోగలిగింది ఈ ఒక్కటే. నాకు తల అదిరి నెలయింది. కాస్త తిరగొచ్చని డాక్టరు కూడా అన్నారు. వెళ్ళడం తప్పని నాకు అప్పుడూ అనిపించలేదు, ఇప్పుడూ అనిపించడం లేదు. వదిన కూడా మనసులో ఏమీ పెట్టుకోకుండానే అంది: "నువ్వేం ఎత్తక్కర్లేదు, దించక్కర్లేదు. నీడన కూర్చుని పిల్లలమీద ఓ కన్నేసి ఉంచు చాలు."

హాయ్‌లాండ్ మంగళగిరి దగ్గర చినకాకానిలో, జాతీయ రహదారి పక్కన కట్టిన థీమ్ పార్కు. అమరావతి బౌద్ధం దాని ఇతివృత్తం. బుద్ధుడి బొమ్మలు, రాట్నాలు, నీటి ఆటలు ఒకే ఆవరణలో ఉంటాయి. కట్టింది అగ్రిగోల్డ్. ఆ సంస్థ దగ్గర డబ్బు దాచుకుని ఇరుక్కుపోయిన సుమారు 32 లక్షల మంది కేసు అప్పటికి హైకోర్టులో నడుస్తోంది. ఎందరి రోజుకూలి పైసలమీద ఎవరి పిల్లలు జారుడుబల్ల జారుతున్నారన్నది ఇంకో వ్యాసం రాయాల్సిన సంగతి.

మా ముగ్గురు పిల్లలు. అన్నయ్య కొడుకులకి తొమ్మిదేళ్ళు, నాలుగేళ్ళు. మా పాపకి ఆరు. నీళ్ళ ఒడ్డున నీడలో కూర్చున్నాను. నీటిమీది ఎండ కంట్లో గుచ్చుకుంటోంది. స్పీకర్లలో పాటలు. ఒకటి, రెండు, మూడు అని తలలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. తడిసిన తలలన్నీ ఒకలాగే ఉంటాయి. మూడో తల దొరికేలోగా మొదటిది పోయేది. మొదటిదాన్ని వెతికి పట్టుకుంటే మూడో తల ఏ రంగు చొక్కామీద ఉందో మరిచిపోయేదాన్ని. కళ్ళు తెరిచే ఉన్నాయి, చూపు ఆ వైపే ఉంది. ఎవరైనా నన్ను చూస్తే పిల్లల్ని కనిపెట్టుకుని ఉన్న తల్లి అనే అనుకుంటారు. కానీ అక్కడ కనిపెట్టుకుని ఉన్నవాళ్ళు ఎవరూ లేరు.

లేచి వదిన దగ్గరికెళ్ళి, "నేను చూడలేకపోతున్నాను. ఇప్పుడు పిల్లలమీద ఎవరి కన్నూ లేదు," అన్నాను. వదిన నా మొహంలోకి చూసి, "కళ్ళు బానే ఉన్నాయిగా!" అంది. మాట పూర్తికాకముందే నీళ్ళవైపు పరిగెత్తింది, అది వేరే విషయం. నా సహచరుడు వచ్చి నేను లేచిన చోట కూర్చున్నాడు. చాలా శ్రద్ధగా చూశాడు. ఇరవై నిమిషాల తర్వాత కణతలు నొక్కుకుంటూ, "తల పగిలిపోతోంది. ఎలా చూస్తారు ఇలా రోజంతా?" అన్నాడు. ఆయన్ని నలుగురిలో నవ్వులపాలు చేయడానికి ఇది రాయడం లేదు. నెల్లాళ్ళుగా నేను చెప్పలేకపోతున్న సంగతిని ఆరోగ్యమైన తల ఉన్న మనిషి ఇరవై నిమిషాల్లో చెప్పాడు.

నీతికి సంబంధించిన చిక్కు ఇక్కడే ఉంది. "చూస్తున్నాను" అనడం ఒక సమాచారం కాదు, ఒక మాట ఇవ్వడం. ఆ మాటమీదే మిగిలినవాళ్ళు వెనక్కి తిరుగుతారు, అన్నం పొట్లాలు విప్పుతారు, ఫోన్ ఎత్తుతారు. చూడలేని స్థితిలో ఉండీ చూస్తున్నట్టు కూర్చుంటే అది అబద్ధం. అయినా ఆ అబద్ధాన్ని మన సమాజం తప్పుపట్టదు. దానికి ఓర్పు అని పేరుపెట్టి మెచ్చుకుంటుంది. నొప్పిని పంటి బిగువున దాచుకుని పిల్లల సరదా చెడకుండా కాచుకున్న తల్లి కథ మనకి ఎన్ని రూపాల్లో తెలుసు! ఆ కథలో తల్లి నొప్పి ఎప్పుడూ నడుంలోనో కాళ్ళల్లోనో ఉంటుంది. నడుం నొప్పితో బిందె ఎత్తితే బాధపడేది ఆమె ఒక్కతే. ధ్యాసే దెబ్బతిన్నప్పుడు ఓర్చుకుంటే ఆ ఓర్పుకి మూల్యం చెల్లించేది నీళ్ళల్లో ఉన్న నాలుగేళ్ళవాడు. శరీరంలో ఏ భాగానికి దెబ్బ తగిలిందన్నదాన్ని బట్టి ఒక సద్గుణం సద్గుణం కాకుండా పోవడం నన్ను చాలాకాలం వదలలేదు.

ధ్యాస గురించి ఆలోచించినవాళ్ళని వెతుక్కుంటూ వెళ్ళాను. చదువుకున్న దురలవాటు. సిమోన్ వెయిల్ (1909-1943) ఏళ్ళతరబడి భయంకరమైన తలనొప్పితో బతికింది. 1934-35లో ఆ తలతోనే ఫ్యాక్టరీల్లో కార్మికురాలిగా పనిచేసింది. ఎదుటి మనిషిమీద నిండుగా ధ్యాస నిలపడమే అన్నిటికన్నా అరుదైన దాతృత్వం అన్నది ఆమె భావన. తనని తాను ఖాళీ చేసుకుని, ఏదీ వెతకకుండా, వేచి ఉండటం. అమెరికన్ తత్త్వవేత్త సారా రడిక్ 1989లో 'మెటర్నల్ థింకింగ్'లో ఈ ధ్యాసని వెయిల్ నుంచి తీసుకుని తల్లులు రోజూ సాధన చేసే గుణంగా నిలబెట్టింది. తల్లిపనిని ఆలోచనగా గుర్తించినందుకు రడిక్‌కి మనం రుణపడి ఉన్నాం. కానీ నీళ్ళ ఒడ్డున నేను పోగొట్టుకున్నది వెయిల్ చెప్పిన ధ్యాస కాదనుకుంటాను. ఒక్కదానిమీద నిలిచే శక్తి నాకు అప్పుడు కూడా ఉంది. ఇంకా చెప్పాలంటే ఒక్కదానిమీద మాత్రమే నిలవగలిగేదాన్ని. పోయింది ముక్కలైన ధ్యాస. మూడు తలలమీద, చెప్పుల సంచిమీద, ఎండ ఎటు తిరిగిందన్నదానిమీద, మాత్ర వేసుకునే వేళమీద పరుచుకునేది. మునులూ తత్త్వవేత్తలూ దాన్ని చంచలత్వం అన్నారు, వదిలించుకోమన్నారు. లోకంలో పసిపిల్లలు బతికి బట్టకట్టేది ఆ చంచలత్వం వల్లే.

చుట్టూ బుద్ధుడి బొమ్మలున్నచోట ఈ ఆలోచన రావడం నాకు కొంచెం నవ్వు తెప్పించింది కూడా. పాళీలో ఎరుకకి 'సతి' అని పేరు. మన భాషలో సతి అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. మెత్త సుత్తంలో, తల్లి తన ఒక్కగానొక్క బిడ్డని ప్రాణం పెట్టి కాచుకున్నట్టు సమస్త జీవులపట్ల మనసుని పెంచుకోమన్న పోలిక ఉంది. అందమైన పోలికే. తల్లి అందులో పోలికకి పనికొచ్చింది. పోలిక చెప్పిన బోధకుడి ఇంట్లో ఆ పని చేసింది యశోధర. రాహులుడన్న పేరుకి బంధమని అర్థం చెబుతారు. బంధం ఒకరికి తెగిందంటే ఇంకొకరి చేతిలో రెండు కొసలూ ఉన్నాయన్నమాట. ఓల్గా 'యశోధర' నవల వచ్చింది కూడా అదే 2017లో. నేను చదివేసరికి తల తేరుకుంది.

నాకు తేరుకునే వీలు దొరికింది. నా జీతం కాని జీతం, ఫెలోషిప్, ఆ నెల కూడా బ్యాంకులో పడింది. 2020 మేలో ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలం రాపర్ల దగ్గర మిరప చేలనుంచి తిరిగొస్తున్న కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని ఢీకొన్నప్పుడు చనిపోయినవారిలో ఎక్కువమంది స్త్రీలు. చనిపోయినవాళ్ళనైనా పత్రికలు లెక్కపెడతాయి. ఆటోల్లో, ట్రాక్టర్లలో తలలు కొట్టుకుని మర్నాడు మళ్ళీ కోతకి వెళ్ళేవాళ్ళని లెక్కపెట్టేవాళ్ళు లేరు. కోత అయ్యాక తాలు కాయ ఏరే పని కూడా వాళ్ళదే. ఎర్రటి రాశిలో తెల్లమచ్చ కాయని ఎండలో పొద్దస్తమానం వెతికి పట్టుకునే ఆ చూపుమీదే గుంటూరు యార్డులో సరుకు ధర నిలబడుతుంది. దాన్ని ఏ లెక్కలోనూ నైపుణ్యం అని రాయరు.

2018 మార్చిలో నాన్న పొలానికి వెళ్ళినప్పుడు ఒక ఏర్పాటు గమనించాను. చిన్నప్పటినుంచీ నా కళ్ళముందే ఉన్నా నేను ఏనాడూ చూడనిది. కోతకి వచ్చిన ముఠాలో ఒక ముసలామె చెట్టుకింద చీర ఉయ్యాలల దగ్గర కూర్చుని అందరి పిల్లల్నీ చూస్తోంది. కోసేవాళ్ళు తలా కొంత తమ కూలిలోంచి ఆమెకి ఇచ్చుకుంటారట. ఆ రోజు ఆమెకి జ్వరం. పొద్దున్నే మేస్త్రీతో, "ఇయ్యాల నాకు కళ్ళు ఆనటంలా, పిలకాయల్ని నామీద పెట్టమాక," అని చెప్పేసింది. ఎవరూ ఆమెని ఓర్చుకోమనలేదు, కళ్ళు బానే ఉన్నాయిగా అని కూడా అనలేదు. మేస్త్రీ సాళ్ళలోంచి ఒక పడుచుపిల్లని పిలిచి చెట్టుకింద కూర్చోబెట్టింది. ఆమె సాలుని అటూ ఇటూ ఉన్న ఇద్దరూ పంచుకుని కోశారు. సాయంత్రం కూలి లెక్క రాసేటప్పుడు నాన్న ఒక మనిషిని తగ్గించి రాశారు. మేస్త్రీ ఒప్పుకోలేదు. "కాయ కొయ్యలేదు గదమ్మా ఆ పిల్ల," అన్నారు నాన్న. "ఆ పిల్ల చూడబట్టేగా అయ్యా మేం కోసింది!" అంది మేస్త్రీ. నేను ఆమె పక్షాన మాట్లాడాను. చీకటి పడేదాకా నడిచి, చివరికి సగం కూలి దగ్గర తెగింది.