పరదత్త పరిరక్షణము

దానము చేయుట గొప్పదా, అన్యులు చేసిన దానమును చెడకుండ కాపాడుట గొప్పదా అను ప్రశ్న మన పూర్వులకు క్రొత్తది కాదు. చెరువులు త్రవ్వించిన రాజులును, గుడులు కట్టించిన దాతలును తమ శాసనముల చివర తరచుగా ఒక మాట చెక్కించిరి. తానిచ్చిన దానికంటె పరులిచ్చిన దానిని పాలించుటలో రెట్టింపు పుణ్యము కలదని ఆ మాటకు తాత్పర్యము. వారు లోకము నెరిగినవారు. చెరువు త్రవ్వుటకు ఒక తరము చాలును. దాని గట్టును నిలుపుటకు తరములన్నియు కావలెను. మన కాలమున త్రవ్వబడిన ఒక క్రొత్త చెరువును గూర్చి ఈ ప్రశ్ననే మరల అడిగికొనుట మా యుద్దేశము. ఆ చెరువు నీటితో నిండినది కాదు. సముద్రమును గూర్చిన కొలతలతో నిండినది.

యానాం మన పాఠకులకు పరిచితమైన ఊరే. గౌతమీ తీరముననున్న ఆ చిన్న పట్టణము 1954 వరకు ఫ్రెంచివారి యేలుబడిలోనుండి, 1962లో చట్టరీత్యా భారతదేశమున చేరి, నేడు పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతమున ఒక భాగమైయున్నది. దానికి పొరుగుననున్న కోరంగి ఒకప్పుడు పేరుపొందిన ఓడరేవు. 1789లోను, 1839లోను వచ్చిన తుపానుల ఉప్పెనలు ఆ రేవును ముంచివేసెను. ఆ శతాబ్దమున కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ అనునతడు ఓడల నాయకులు వ్రాసికొన్న దినచర్యా పుస్తకములను ప్రోగుచేసి, ఏ దినమున ఏ తావున గాలి ఎటు వీచెనో సరిపోల్చి, బంగాళాఖాతపు తుపానుల నడకను వివరించెను. ‘సైక్లోన్’ అను పేరు పెట్టినవాడు నతడే. ఒక్కొక్క ఓడకు తుపానులో ఒక ముక్క మాత్రమే కనబడును. పలువురు చూచిన ముక్కలు ఒకచోట చేరినప్పుడే దాని సంపూర్ణ రూపము తెలియును. కావున సముద్ర విజ్ఞానము పుట్టుకతోనే పదిమంది పంచుకొను విద్య యని చెప్పవచ్చును.

నేడు ఆ దినచర్యా పుస్తకములకు తోడుగా తేలియాడు యంత్రములు పనిచేయుచున్నవి. ఆర్గో అను అంతర్జాతీయ పథకము క్రింద సుమారు 4,000 యంత్రములు ప్రపంచ సముద్రములలో కలవు. ఒక్కొక్కటి 1,000 మీటర్ల లోతున ప్రవాహముతో సాగుచు, పది దినముల కొకసారి 2,000 మీటర్ల వరకు దిగి, పైకి వచ్చునప్పుడు నీటి వేడిమిని, ఉప్పదనమును కొలిచి, ఉపగ్రహము ద్వారా ఒడ్డునకు పంపును. ఆ కొలతలు ఏ దేశమువారికైనను ఉచితముగా అందవలెనన్నది ఆ పథకమునకు మూలనియమము. మన దేశము తరపున ఆ బాధ్యత వహించినది సముద్రము కానరాని హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రము. ఇన్‌కాయిస్ అను పొట్టి పేరుతో పిలువబడు ఆ సంస్థ 1999లో ఏర్పడెను. 2004 డిసెంబరు 26 నాటి సునామీ పిదప, 2007లో సునామీ హెచ్చరిక కేంద్రమును అచ్చటనే నెలకొల్పిరి. ఉపగ్రహములు చూపిన పైనీటి వేడిమినిబట్టియు, నీటిలోని పచ్చదనమునుబట్టియు చేపలు చేరు తావులను గుర్తించి, తెలుగు మొదలగు తీరప్రాంత భాషలలో ఆ సంస్థ తెలియజేయుచున్నది. అలల ఎత్తును గూర్చిన సూచనలును అచ్చటినుండి వచ్చుచున్నవి. 1996 నవంబరు 6న గోదావరి తీరమును తాకిన తుపానులో వేటకు పోయి తిరిగిరాని వారిని తలచుకొన్న కుటుంబములకు ఈ సూచనల విలువ వేరుగా చెప్పనక్కరలేదు. జాలరికి డీజిలు ఖర్చు కలిసివచ్చుటయే కాదు, ఒక్కొక్కప్పుడు ప్రాణము దక్కుటయు వీనిపై ఆధారపడును.

చెరువు ఎంత నిండియున్నను పొలమునకు నీరందుటకు తూము కావలెను. ఈ చెరువునకు తూము సాఫ్ట్‌వేర్. అమెరికా దేశపు సముద్ర వాతావరణ సంస్థ యగు నోవాలో పుట్టిన ‘ఎర్డాప్’ అట్టి తూములలో నొకటి. ఒకే కొలతను ఒకరు పట్టికగాను, ఒకరు పటముగాను, మరియొకరు తమ ప్రోగ్రాము చదువగల ఫైలుగాను దానినుండి తీసికొనవచ్చును. దానిని రచించినవారు లోకమునకు ఉచితముగా విడిచిరి. మన ఇన్‌కాయిస్ వారును దానిని వాడుచున్నారు. చూడగా, యంత్రములు పలు దేశములు వదలినవి, తూము పరులు మలచినది, నీరు సర్వజనులది. దీనిని కాపాడు ఉద్యోగి కాపాడునది అచ్చముగా పరదత్తమే.

ఇక్కడ ఒక ఆక్షేపణ వినవచ్చును: ‘పనిచేయుచున్న దానిని కదలించుట యెందుకు? ఒకసారి కట్టి యిచ్చితిమి, చాలదా?’ చాలదు. తాను కదలకున్నను తన చుట్టును లోకము కదలుచుండును. ఫ్లాష్ అను సాధనముపై కట్టిన పటములు, దాని ఆయుష్షు 2020 డిసెంబరుతో ముగియగానే మూగవోయెను. శాస్త్రజ్ఞులు చిరకాలముగా ఫైళ్లు దించుకొనుచు వచ్చిన ఎఫ్‌టీపీ మార్గమును 2021లో క్రోమ్ బ్రౌజరు పూర్తిగా తొలగించెను. అదే యేడాది డిసెంబరులో, లోకమున అసంఖ్యాకమైన సర్వర్లలో ఇమిడియున్న లాగ్‌ఫోర్‌జే అను చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పెద్ద లోపము బయటపడి, దొంగలు చొరబడుటకు దారి యేర్పడెను. దానిని పోషించుచున్నవారు కొలదిమంది స్వచ్ఛంద సేవకులు. వారు రేయింబవళ్లు శ్రమించి సరిదిద్దిరి. గట్టుపై చెట్టు మొలచినప్పుడే పెరికివేయని వాడు గండికి బాధ్యుడు కాడా?

అయితే రెండవ ప్రక్కను గూడ చూడవలెను. మార్పు ఎల్లప్పుడును మేలు కాదు. ఎచ్చటనో ఒక విద్యార్థి పాత చిరునామాను నమ్మి తన ప్రోగ్రాము వ్రాసికొనియుండును. పాత ఫోను గల జాలరి పాత పద్ధతికే అలవాటుపడియుండును. ఒక రాత్రి చెప్పకుండ తూమును మార్చినచో కడపటి మడి ఎండును. దానమును పుచ్చుకొన్నవాడు దానిపై తన బ్రతుకును కొంత కట్టుకొనును. అందుచేత ఇచ్చినవానికి ఇష్టము వచ్చినట్లు మార్చు అధికారము కొంత తగ్గును. మార్పును ముందుగా ప్రకటించుట, కొంతకాలము పాత ద్వారమును తెరచియుంచుట, క్రొత్త దారిని చూపిన పిమ్మటనే పాతదానిని మూయుట – ఇవి మర్యాదలు మాత్రమే కావు, ధర్మములు.

ఇంకొక సూక్ష్మ భేదము కలదు. చెరువునకు గండిపడినచో ఊరంతయు చూచును. ఈ చెరువు పాడైనచో ఎవరికిని తెలియదు. నిన్నటి సూచన నేటిదివలె కనబడుచున్నచో, దానిని నమ్మి పడవ నడుపువానికి ఏ సూచనయు లేకుండుటకంటె అది హెచ్చు హాని. కావున కాపాడజాలనివాడు కనీసము ‘ఇక దీనిని చూచుకొనువారు లేరు’ అని స్పష్టముగా వ్రాసి పెట్టవలెను. మౌనముగా విడిచిపెట్టుట అసత్యముతో సమానము.

సత్యమును గూర్చి మరియొక మాట. 2003 మొదలుకొని సముద్రపు పైపొరలు చల్లబడినవని కొందరు శాస్త్రజ్ఞులు 2006లో ప్రకటించిరి. తరువాత పరిశీలింపగా, కొన్ని ఆర్గో యంత్రముల కొలతలకు లోతు తప్పుగా జతపడినదనియు, ఓడలనుండి జారవిడుచు పాత పరికరములు వేడిమిని హెచ్చుగా చూపినవనియు తేలెను. 2007లో ఆ శాస్త్రజ్ఞులే తమ మాటను సవరించుకొనిరి. కొలతలు అందరికిని అందుబాటులో నుండుటచేతనే, ఏ యంత్రము ఏది కొలిచెనో వ్రాసియుండుటచేతనే అది సాధ్యమైనది. నేటికిని ఆర్గో ఫైళ్లలో యంత్రము పంపిన మొదటి అంకెయు, సరిదిద్దిన అంకెయు వేర్వేరుగా నిలిచియుండును. ప్రతి అంకెకును అది మంచిదో, సందేహాస్పదమో, చెడ్డదో తెలుపు గుర్తు ఉండును. చెడ్డదానిని చెరిపివేయరు, చెడ్డదని చెప్పి ఉంచుదురు. పరిరక్షణమనగా మెరుగుపెట్టుట కాదు, లెక్క అప్పగించుట యని ఇందువలన తెలియుచున్నది.

ఇట్టి పనికి లోకమున గౌరవము తక్కువ. క్రొత్త భవనమునకు ప్రారంభోత్సవము కలదు, శిలాఫలకము కలదు. పాత సాఫ్ట్‌వేర్‌ను సరిదిద్దినవానికి దండ వేయువారు లేరు. అతని పని చక్కగా జరిగినప్పుడు అతడొకడున్నాడనియే ఎవరికిని తోచదు. ధనమిచ్చువారు నూతన నిర్మాణమునకు ఇచ్చినంత సులభముగా జీర్ణోద్ధరణమునకు ఈయరు. మన శాసనకర్తలు రెట్టింపు పుణ్యమును ఎందులకు పేర్కొనిరో ఇప్పుడు స్పష్టమగును. కీర్తి రాని పనికి ఏదో యొక ఆకర్షణ కావలెనని వారు గ్రహించిరి. పుణ్యమను మాటను నమ్మనివారును దాని వెనుకనున్న లెక్కను కాదనలేరు: కట్టించినవాడు ఒకనాడు ఇచ్చెను, కాపాడువాడు ప్రతిదినము ఇచ్చుచున్నాడు.

పరభాషల నడుమ స్థిరపడిన మన కుటుంబములకు ఈ ధర్మము అనుభవములోనిదే. తాతలిచ్చిన తెలుగును ఇంట నిలుపుకొనుటకు శిలాఫలకమెవరును వేయరు. పిల్లలకు సాయంకాలము నాలుగక్షరములు దిద్దించుటలోనే అది జరుగుచున్నది. అట్లే ఈ చెరువు గట్టును గూర్చియు మనకు చేతనైన పనులు కలవు. మన పిల్లలలో పెక్కుమంది సాఫ్ట్‌వేర్ వృత్తిలోనున్నారు. పలువురు ఉచితముగా వాడుకొను ఇట్టి సాధనములలో కనబడిన తప్పును తెలియజేయుటకును, చిన్న మరమ్మతు చేసి యిచ్చుటకును, వాడుక పద్ధతిని తెలుగున వ్రాసి పెట్టుటకును వారు తమ తీరికలో కొన్ని గంటలు వినియోగింతురు గాక. వారెరుగని యే యానాం పడవయో దానివలన క్షేమముగా ఒడ్డు చేరవచ్చును.